తువ్వాలు రాడ్డు

కోటబొమ్మాళిలో ప్లంబరు అప్పలసూరిని పనికి పిలవాలంటే జనం ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. పని బాగుండక కాదు, నోరు బాగుండక. స్నానాలగది గోడకి పట్టుకునే రాడ్డు వద్దన్నవాళ్ల ఇంట్లో కుళాయి కూడా బిగించడు. "రాడ్డొద్దా? అయితే నానూ వొద్దు" అని సంచీ భుజానేసుకుంటాడు. పొగరంటారు. నేను అతని పక్కింటివాణ్ణి, ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పొగరు ఎందుకొచ్చిందో ఊరంతటికీ తెలుసు.

మూడేళ్ల కిందట బట్టల వ్యాపారి భీమశంకరరావు గారు కొత్తిల్లు కట్టారు. మా వైపు గృహప్రవేశానికొచ్చిన చుట్టాలు విస్తరి ముందు కూర్చునేలోపే బాత్రూమ్ దాకా అన్ని తలుపులూ తీసి చూస్తారు. వాళ్లు చూడాలని స్నానాలగదికి కూడా నున్నటి మెరుపు టైల్సు తెప్పించారు. "గరుకువి ఎయ్యండి బాబూ, సబ్బునీళ్లు పడితే జారతాది" అన్నాడు అప్పలసూరి. "ఇదేటి, పశువులసాలా?" అంది ఆయన భార్య సుహాసిని. రాడ్డు పెడతానంటే, మంచిరోజున ఆసుపత్రి సామానేటని కసిరింది. ఆ చోట తువ్వాలు వేసుకునే సన్నటి రాడ్డు పెట్టమంది. అప్పలసూరి నోరు మూసుకుని దాన్ని రెండు చిన్న స్క్రూలతో బిగించాడు.

ఆ ఇంట్లో పాచిపని అతని భార్య మరిడమ్మదే. కుక్కకి స్నానం కూడా. ఒకనాడు వంగి చెంబుతో నీళ్లు పోస్తుంటే కుక్క ఒళ్లు విదిలించుకుంది. మరిడమ్మ జారి తువ్వాలు రాడ్డు పట్టుకుంది. అది ఊడి చేతిలోకొచ్చింది. తుంటి విరిగింది. ఇప్పటికీ కర్ర లేనిదే గడప దాటలేదు. ఆ ఇంటివాళ్లు అరటిపళ్లు తెచ్చి, "సూసుకుని నడవాల కదమ్మా" అని చెప్పి వెళ్లారు. సిగ్గుండాలి!

మొన్న అదే ఇంటినుంచి ఫోను. కుక్క జారి కాలు బెణికిందట. గరుకు టైల్సు, వంగక్కర్లేకుండా గొట్టం ఉన్న షవరు, గట్టి రాడ్డు, అన్నీ కావాలట. మనిషి తుంటి విరిగితే రాని బుద్ధి, కుక్క కాలు బెణికితే వచ్చింది! వెళ్లొద్దని నేనే అరిచాను.

"ఇప్పుడక్కడ కుక్కని కడిగేది లక్ష్మణమ్మప్ప. ఆవిడ పడితే?" అని వెళ్లాడు. నాకు కోపం ఆగక వెంట వెళ్లాను.

టైల్సు మార్చాడు. నడుమెత్తున షవరు గొట్టం తగిలించాడు. రాడ్డు దగ్గరికొచ్చేసరికి లక్ష్మణమ్మని పిలిచాడు. "ఇలా నిలబడి సెయ్యి సాపు, అప్పా. ఎక్కడికి అందుతాది?" ఆమె చెయ్యి ఆనినచోట పెన్సిలు గీత పెట్టాడు.

గుమ్మంలోంచి సుహాసిని, "ఇంకాస్త పైన పెడితే అందంగా ఉంటాది కదా" అంది.

అప్పలసూరి డ్రిల్లు దించాడు. "మీ అందం మా మరిడమ్మ తుంటిలో ఉన్నాదమ్మా. సూడాలంటే మా ఇంటికి రండి."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. గీత పెట్టినచోటే ఇటుకదాకా బోల్టులు దింపి, ఒంటిబరువంతా వేసి రాడ్డుని లాగి చూశాడు. అది కదల్లేదు.

"ఈ పని ఆరోజే సెయ్యాల్సింది నాను" అన్నాడు, గోడకేసి తిరిగి.