కుట్టు విప్పని బండివాడు

పంతొమ్మిది వందల అరవైల చివర్లో నేను శ్రీకాకుళం వైపు ఒక చిన్న కస్టమ్స్ ఆఫీసులో గుమాస్తాని. మా అధికారిది ఈ ప్రాంతం కాదు. మావాళ్ళ మాట ఆయనకు సగమే అర్థమయ్యేది. అందుకని వాంగ్మూలాలు రాసే పని నాది. దస్తూరి ముత్యాల్లా ఉందని ఎవరైనా అంటే పొంగిపోయేవాణ్ణి. అది తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఒక పొద్దున కళింగపట్నం నుంచి ఎండుచేపలు తోలే ముసలి బండివాణ్ణి పట్టుకొచ్చారు. తాటాకు చాపల్లో కుట్టిన మూటల్లో, చేపల కింద విదేశీ గడియారాలు దొరికాయి. ఎక్కించిన వర్తకుడు పరారీ. సరుకు దొరికినంత మాత్రాన మోసినవాణ్ణి శిక్షించకూడదు, సంగతి వాడికి తెలుసని రుజువు కావాలి. తెలియదని తేలితే బండీ ఎద్దులూ తిరిగి అతనివే. ఆ రెండెద్దులు తప్ప అతనికి మరేమీ లేవు.

"బరువులో తేడా తెలియలేదా?" అన్నారు అధికారి.

"తెలకేటి బాబూ? నలభై ఏళ్ళుగా తోలతన్నాను. ఎండుసేప అంత బరువుండదు. ఎద్దులు రొప్పినాయి," అన్నాడు ముసలాయన. తన పనితనం గురించి అడిగారనుకున్నాడు, కాస్త గర్వంగానే చెప్పాడు.

"మరి విప్పి చూడలేదేం?"

"ఒకలు కుట్టిన మూట బండోడు ఇప్పకూడదు బాబూ. కుట్టు తెగితే దొంగోడంతారు. మరెవులూ నా బండికి సరుకెత్తరు."

మా వైపు బండివాళ్ళందరికీ అది కట్టుబాటు. నాకూ తెలుసు. మొదటి జవాబు రాశాను. రెండోది రాయబోతే అధికారి "చాలు" అన్నారు. కలం ఆపేశాను. కొత్త ఉద్యోగం, భయం. ఒక్క మాట నోరు తెరిచి చెప్పలేకపోయాను.

చదివి వినిపించబోతే ముసలాయన చెయ్యడ్డం పెట్టాడు. "నువ్వు రాసినావు కదా నాయనా, మరి నాను సూసేదేటి?" అని వేలిముద్ర వేశాడు.

ఆ కాగితమే రుజువైంది. ఉత్తర్వు వచ్చేదాకా ఎద్దులు మా ఆఫీసు ఆవరణలోనే ఉన్నాయి. రోజూ వచ్చి ఆయనే మేత వేసేవాడు. జప్తు కాగితానికి నకలు కూడా నేనే అందంగా రాశాను.

వేలంలో కొన్నవాళ్ళు ఎద్దుల్ని తోలుకుపోతున్న రోజు ఆయన ఏడవలేదు. నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"ఎలపటెద్దు, ఆ కుడేపుది, ఈలెయ్యందే నీళ్ళు తాగదు. ఇది మట్టుకు రాయి నాయనా," అన్నాడు.

రాశాను. ఆ చీటీ ఫైల్లో ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టుకున్నాను.