రొట్టెల విస్తిన్‌కు పడిన ఓటు

రొట్టెల బండి హారన్ మోగగానే మా వీధిలో చెక్క బాల్కనీలనుండి తాళ్ళు కట్టిన బుట్టలు దిగేవి. బుట్ట దించడంలోనూ ఒక మర్యాద ఉందనీ, తాడు కుదుపు లేకుండా జారాలనీ మా అమ్మ అనేది. ఆమె మాటలు తలపుకు వస్తే ఎక్కడికో వెళ్ళిపోతాను. చెప్పవలసింది ఆ బండి నడిపిన విస్తిన్ షెర్రి గురించి.

మాల్టాలో పార్టీ ఎవరూ ఎంచుకోరు, ఇంటిపేరుతోపాటు వస్తుంది. పెద్ద పార్టీలు రెండే, ఎర్రదీ నీలందీ; షెర్రీల ఇల్లు ఎర్ర పార్టీది. వాళ్ళ నాన్న ఆ పార్టీ కోసమే ఓడల మరమ్మతు రేవులో కొలువు పోగొట్టుకున్నాడు. ఆ ఇంట పుట్టిన విస్తిన్ ఎర్రవాళ్ళనూ నీలంవాళ్ళనూ కాదని తెల్లజెండా చిన్న పార్టీ తరపున నామినేషన్ వేశాడు. మరునాటి ఉదయం అతని అక్క ఫిలుమేనా బుట్ట దిగలేదు. ఆ తరువాత ఎన్నాళ్ళకూ దిగలేదు.

ఎర్ర పార్టీ క్లబ్బు నడిపే కార్మ్‌ను అనే అతను గుమ్మంలో నిలబడి బండికి అడ్డం తగిలేవాడు.

"ఏరా విస్తిన్, తెల్లజెండా పట్టుకుని యుద్ధానికి పోయేవాణ్ణి నిన్నే చూశాను. లొంగిపోయేదానికి ఎన్నికలెందుకురా, ఇంట్లో కూర్చునే లొంగిపోవచ్చుగా?"

"నీ క్లబ్బులో టీ తాగడంకన్నా లొంగిపోవడమే నయం."

విస్తిన్ కోరింది ఒక్కటే. మా నియోజకవర్గానికి ఐదు స్థానాలు. ఓటర్లు అభ్యర్థుల పేర్ల ఎదుట తమ ఇష్టం కొద్దీ ఒకటి, రెండు, మూడు అని వేస్తారు. ఆరో వంతు ఓట్లు కూడగట్టలేని చిన్న పార్టీ ఎక్కడికక్కడ ఓడిపోతుంది. తెల్లజెండాకు ప్రతి నియోజకవర్గంలోనూ కూరలో ఉప్పంత ఓట్లు పడేవి. సభలో మాత్రం ఒక్క కుర్చీ దక్కేది కాదు. ద్వీపమంతటినీ ఒకే రాశిగా కొలిచి, ఎవరి దామాషాకు తగ్గ స్థానాలు వారికివ్వాలని అతని వాదన. వినేవాళ్ళు తల ఊపి, రొట్టె తీసుకుని, తమ రంగుకే ఓటు వేసేవారు. అతనికి దానికన్నా పెద్ద దిగులు మరొకటుండేది.

"మాస్టారూ, సొంత అక్కే వెయ్యని ఓటు ఊరివాళ్ళనెలా అడగను?" అన్నాడు నాతో. ఇద్దరం ఆమె మేడ ఎక్కాం.

ఫిలుమేనా తమ్ముణ్ణి కూర్చోమనలేదు. నాకు కుర్చీ చూపించింది.

"నీకేస్తే ఆ ఓటు గాలికి పోయినట్టే కదరా."

"పోదక్కా. నాకు ఒకటి వెయ్యి, మీవాళ్ళకి రెండు వెయ్యి. నేనెలాగూ ఓడిపోతాను. అప్పుడు నీ ఓటు వాళ్ళకే చేరుతుంది. ఏమీ పోదు."

"రెండా? నాన్న పార్టీకి రెండా? ఆయన బతికుండగా వాళ్ళని రెండో చోట పెట్టాడట్రా ఎప్పుడైనా?"

"నాన్నకి తమ్ముడు లేడుగా పోటీలో."

ఆమె నవ్వు ఆపుకోవడానికి కిటికీవైపు తిరిగింది. విస్తిన్ మెట్లు దిగాడు.

పోలింగ్ అయిన మరునాడు, లెక్కింపుకు వెళ్ళేముందు రొట్టెలు పంచుతుండగా ఆమె బుట్ట కుదుపు లేకుండా కిందికి జారింది. విస్తిన్ అందులో వేడి రొట్టె పెట్టి, తల పైకెత్తకుండానే బండి కదిలించాడు. దారంతా ఈలవేస్తూనే ఉన్నాడు.

విస్తిన్ తరపు ఏజెంటుగా నేనూ వెళ్ళాను. లెక్కింపు మందిరంలో సిబ్బందికీ మాకూ మధ్య పారదర్శకమైన అడ్డుగోడ ఉంటుంది. అన్ని పార్టీలవాళ్ళమూ దానికి ముఖాలు ఆనించి, విప్పుతున్న ప్రతి కాగితాన్నీ చూస్తాం. అనుమానం వస్తే అధికారి ఆ కాగితాన్ని మాకు ఎదురుగా ఎత్తి పట్టుకుంటాడు. మా వీధి పెట్టె విప్పినప్పుడు అలాగే ఒకటి ఎత్తాడు. తెల్లజెండా వరుసలో విస్తిన్ పేరెదుట ఒకటి. ఎర్రవాళ్ళ వరుసలో పై పేరెదుట మరో ఒకటి. రెండూ వెనక్కి వాలిన అంకెలు.

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక ఫిలుమేనా ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. నేర్పినవాణ్ణి నేనే. పెద్దవాళ్ళకు అక్షరాలు దిద్దించడం పిల్లలకు నేర్పినంత సులువు కాదు, వాళ్ళకు సిగ్గు అడ్డుపడుతుంది. వాలకుండా రాయించలేకపోయాను. విస్తిన్ నావైపు చూడలేదు. అతనూ పోల్చుకున్నాడని అతని చేతులు చెప్పాయి; అడ్డుగోడకు ఆనించిన వేళ్ళు తెల్లబడ్డాయి.

"ఎర్రదే అనుకోండి, పెద్ద పార్టీ కదా," అన్నాడు కార్మ్‌ను.

అధికారి విస్తిన్‌ను అడిగాడు. "మీ అభిప్రాయం?"

"మొదటి స్థానం ఇద్దరికిచ్చారు. చెల్లదు."

"నీకు పడ్డదాన్ని నువ్వే చంపుకుంటావేంట్రా," అన్నాడు కార్మ్‌ను. కాగితం చెల్లని ఓట్ల కట్టలోకి వెళ్ళింది. తెల్లజెండా ఎప్పటిలాగే అంతటా ఓడిపోయింది.

ఈ సంగతి విస్తిన్ ఆమెకు చెప్పలేదు. బుట్ట రోజూ దిగింది. ఏళ్ళు గడిచాక అతను జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడు. ఫిలుమేనా మంచం పక్కన కూర్చుని, నేనక్కడ ఉన్న సంగతే పట్టించుకోకుండా అంది:

"ఆ ఏడు నిన్ను మొదటే పెట్టానురా."

"తెలుసక్కా. చూశాను."

"లెక్కలోకి వచ్చిందా?"

విస్తిన్ ఆమె ఎడమచెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చింది," అన్నాడు.

ఆ వారమే అతను పోయాడు. దామాషా మాట సభలో అప్పుడప్పుడు లేస్తుంది, అణగిపోతుంది. పెద్ద పార్టీలు రెండింటికీ ఉన్న పద్ధతే బాగుంది.

ఈ ఎన్నికలకు ఫిలుమేనాను పోలింగుకు నేనే తీసుకువెళ్ళాను. బడి గుమ్మం దగ్గర ఆమె నా చెయ్యి వదిలించుకుంది.

"నాన్నకొకటి, తమ్ముడి జెండాకొకటి. ఆ ఏటినుంచి ప్రతిసారీ అలాగే వేస్తున్నా."

"అమ్మా, ఫిలుమేనా, ఒకటి అనేది కాగితం మొత్తంమీద ఒక్కరికే..."

"మీరు లెక్కలు చెప్పకండి మాస్టారూ. లెక్కలోకి వచ్చిందని వాడే చెప్పాడు. వాడు కళ్ళారా చూశాడు."

ఆమె ఎడమచేత్తో చేతికర్ర ఊనుకుంటూ లోపలికి వెళ్ళింది.