పిల్ల చదివి చెప్పని మెసేజ్

లాల్‌పేట్‌లో మా గల్లీ ఆడవాళ్లు నన్ను గయ్యాళి అనుకుంటారు. అనుకోనీ. మా అమ్మాయికి పదమూడో ఏడు వచ్చినప్పటి నుంచి నా నోటికి తీరిక లేదు. ఏడో తరగతి పిల్ల వీపు వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, ఫోన్‌లోకి దూరిపోయేది. అన్నం పెట్టినా అంతే, పిలిచినా అంతే. మెడ నిలబెట్టి కూర్చోమని రోజుకు ఎన్నిసార్లు అరిచేదాన్నో నాకే తెలియదు.

ఆ ఫోన్ నాది. ఇది చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది. ఆదిలాబాద్ వైపు తెలుగు బడిలో చదువుకున్నదాన్ని, బొగ్గు గనిలో పనిచేసే మా ఆయన్ని పెళ్లి చేసుకుని మహారాష్ట్రలోని ఈ చంద్రపూర్ లాల్‌పేట్‌కు వచ్చాను. ఇక్కడ బడి గ్రూపు, రేషన్, గ్యాస్, ఏ మెసేజ్ చూసినా మరాఠీయే. "బిడ్డా, గిదేందో జర చూడు" అంటే చాలు, పిల్ల చదివి తెలుగులో చెప్పేసేది. ఇరుగుపొరుగుకూ అదే అలవాటైంది. సాయంత్రమైతే ఇద్దరు ముగ్గురు ఫోన్లు పట్టుకుని మా గడపలో కూర్చునేవారు. పిల్ల తెలివికి మురిసిపోయి వాళ్లకు నేనే చాయ్ పెట్టేదాన్ని. వాళ్లు వెళ్లగానే, ఎంతసేపే ఆ ఫోన్ అని అదే పిల్లను తిట్టేదాన్ని.

నాకు ఆ అక్షరాలు రాక కాదు. బడిలో హిందీ నేర్పారు, మరాఠీకీ అవే అక్షరాలు. కూడబలుక్కుంటే చదవగలను, మరాఠీ వింటే అర్థమవుతుంది కూడా. నా ఒళ్లు వంగలేదు, అంతే. ఇంట్లో చదివిపెట్టే మనిషి ఉండగా నేనెందుకు కళ్లు పొడుచుకోవాలి అనుకున్నాను.

మెడ నొస్తోందని అమ్మాయి ఒకరోజు అంది. ఫోన్ చూస్తే నొయ్యదా మరి, అన్నాను. కొన్నాళ్లకు మళ్లీ అంది. కాస్త నూనె రాసి అదే పాట పాడాను. మూడోసారి అనేసరికి కోపం నెత్తికెక్కింది. ఫోన్ లాక్కుని బీరువా మీద పెట్టి, ఇక ముట్టుకుంటే చూడు అన్నాను.

మర్నాడు పిల్ల బడికి వెళ్లాక, గ్యాస్ బండ ఎప్పుడొస్తుందో చూద్దామని ఫోన్ దించాను. చదివిపెట్టేవాళ్లు లేరు. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే వెతుకుతుంటే, క్లాస్ టీచర్ నాకు విడిగా పంపిన మెసేజ్ కనపడింది. నెల కిందటిది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. మీ అమ్మాయి మధ్యాహ్నం క్లాసులో బెంచీ మీద తల వాల్చేస్తోంది, మెడ నొప్పి అంటోంది, అందరితో కలిసి తాళాల లేజిమ్ పట్టుకుని ఆడటం కూడా మానేసింది, ఒకసారి డాక్టర్‌కు చూపించండి అని ఉంది. దాని కింద జవాబు. సరే మేడమ్, చూపిస్తాను అని. ఆ జవాబు నేను రాసింది కాదు.

పిల్లే రాసిందని అర్థమైంది. ముందు కోపమే వచ్చింది, ఇంత దొంగతనమా అని. సాయంత్రం ఇంటికి రాగానే, ఇది నాకెందుకు చదివి చెప్పలేదని నిలదీశాను.

పిల్ల పుస్తకాల సంచి దించి, మెల్లగా అంది.

"చెప్తే ఏమంటుంటివమ్మా? ఫోన్ వల్లనే అంటుంటివి. ఫోన్ చూడకంటవ్, మళ్ల నువ్వే చూడుమంటవ్. మెడ నొస్తుందని మూడు సార్లు చెప్పిన. నేను చెప్తే నమ్మవ్, మేడమ్ రాస్తే నమ్ముతవా?"

గల్లీ అందరి కబుర్లూ చదివి వినిపించిన పిల్ల, తన నొప్పి వినేవాళ్లు లేక దాచుకుంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ మెడ అటూ ఇటూ తిప్పించి చూసి, కండరాలు పట్టేశాయి, భయపడాల్సిందేమీ లేదంది. ఫోన్ కళ్లకు ఎదురుగా ఎత్తి పట్టుకోవాలని, మధ్యమధ్యలో లేచి తిరగాలని చెప్పి, ఇంట్లో చేయాల్సిన వ్యాయామం చేసి చూపించింది. ఆ తర్వాత, రోజుకు ఎన్ని గంటలు ఫోన్ చూస్తావని పిల్లను హిందీలో అడిగింది.

పిల్ల జవాబు చెప్పకుండా నా వైపు చూసింది. పరాయి మనిషి ముందు అమ్మ మీదికి మాట రాకుండా ఏం చెప్పాలా అని వెతుక్కుంటోంది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

"మూడు గంటలు, డాక్టర్ సాబ్" అన్నాను. "అందులో రెండు గంటలు నా కోసమే."