టాటా పోదాం, గడియ తియ్!

అశోక్ నగర్‌లో మూడో అంతస్తులో అద్దెకుంటాం. మా బాబుకి రెండేళ్లు. మావారు ఆఫీసుకెళ్లాక నాకు తోడు ఫోన్‌లోని తల్లుల గ్రూపే. అందులో ఒక్కరి ముఖమూ నేను చూడలేదు.

ఆ రోజు పొయ్యి మీద పాలు పెట్టి, బట్టలు ఆరేద్దామని బాల్కనీలోకి వెళ్లాను. వెనకాలే బాబు తలుపు మూసి కింది గడియ పెట్టేశాడు. తియ్యమంటే నవ్వాడు. నేను అరిచేసరికి జడుసుకుని ఏడుపు అందుకున్నాడు. చేతిలో ఉన్న ఫోన్‌తో మావారికి చేస్తే ఎత్తడం లేదు. పాలు పొంగి మంట ఆరిపోతే ఇల్లంతా గ్యాసే! గ్రూపులో రాశాను. వెంటనే ఆ గ్రూపులోని కవాడిగూడ సునీత ఫోన్ చేసింది.

"అక్కా, జర ఏడుపు ఆపు. నువ్వు ఏడిస్తే వాడింకా పరేషాన్ అయితడు. టాటా అంటే చెప్పులు తెచ్చుకుంటడని నువ్వే చెప్పినవ్ గద? స్పీకర్ పెట్టు."

తలుపు సందుకి ఫోన్ ఆనించాను.

"చిన్నోడా, టాటా పోదమా? అమ్మకు గడియ తియ్!"

ఏడుపు ఆగింది. ఆ తర్వాత లోపల ఏ చప్పుడూ లేదు. తలుపుకి చెవి ఆనించాను. అంతలో గడియ కదిలింది. తలుపు తోస్తే, బాబు కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుని నిలబడ్డాడు! పరుగెత్తి, అప్పుడే పొంగుతున్న పాల కింద పొయ్యి ఆపేశాను.

పొద్దుపోక గ్రూపులో రాసిన వాడి ముచ్చట్లు ఎవరో ఇంతగా గుర్తుపెట్టుకుంటారనుకోలేదు.

వాడికి మాట ఇచ్చాం కదా అని సునీత సాయంత్రం పార్కుకి రమ్మంది. గేటు దగ్గర అంతమందిలో ఆమె ఎవరో నేను వెతుక్కుంటుంటే, "వచ్చినవా చిన్నోడా?" అని వినిపించింది. వాడు నా వేలు వదిలేసి ఆ గొంతు దగ్గరికి పరుగెత్తాడు.