ఆ మధ్యాహ్నపు నిద్ర

నా చిన్నప్పుడు చోడవరంలో మా పక్క వాటాలో ఒక అక్కా, బావా ఉండేవారు. బావ గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వెళ్లే బళ్లకు చెరకు ఎత్తే కూలి. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ ఒకే కంచంలో తినేవారు. వాళ్ల నవ్వులు మా వంటింట్లోకి వినిపించేవి.

వానాకాలంలో వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. అప్పటికి చెరకు ఆడడం అయిపోయి బావకు పని లేదు. అక్కకు పాలు చాలేవి కావు. పిల్ల ఒకటే ఏడుపు. నవ్వులు పోయి దెబ్బలాటలు వినబడసాగాయి. కొన్నాళ్లకు అవీ ఆగిపోయాయి. ఒక్క గదిలో ఉంటూ మాట్లాడుకోవడమే మానేశారు. మాకు దానికే ఎక్కువ భయం వేసేది.

ఒకనాడు బావ అన్నం గిన్నె వాకిట్లోకి విసిరేశాడు. ఆ పూటకు వాళ్లకున్నది అంతే. మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, వెళ్లి పిల్లను ఎత్తుకుని, ఇద్దరినీ మా ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టింది. తప్పెవరిదని అడగలేదు. బావ అన్నం కలిపి, ముద్ద నోట పెట్టుకోలేక కూర్చున్నాడు.

"దాని మీద కోపం కాదు మామ్మా," అన్నాడు చివరికి. "గుంట ఆకలికి ఏడుస్తంటే ఇంట్లో ఉండనేకపోతన్నాను."

అక్క తలెత్తి చూసింది. "ఆ మాట నాకెప్పుడైనా సెప్పేవా? నన్ను సూడ్డమే ఇష్టం లేదనుకున్నాను."

మామ్మ మా గదిలో చాప పరిచి, ఇద్దరినీ ముందు పడుకోమని చెప్పి తలుపు దగ్గరగా వేసింది. సాయంత్రం దాకా పిల్లకు ఆవుపాలు పడుతూ అరుగు మీదే కూర్చుంది. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం పిల్ల మా ఇంట్లోనే ఉండేది.

పక్క వాటాలో మళ్లీ మాటలు వినిపించాయి. నవ్వులు మాత్రం రాలేదు. మరుసటి ఏడు బావ విశాఖపట్నం కూలిపనికి పోయాడు. మొదట్లో తరచూ వచ్చేవాడు, తర్వాత పండగలకే వచ్చేవాడు, ఆపైన రానేలేదు. అక్క చెరకు తోటల్లో కలుపు తీస్తూ పిల్లను పెంచింది. ఊళ్లో వాళ్లు బావను తిడితే ఒప్పుకునేది కాదు. "ఆడు సెడ్డోడు కాడు, అలిసిపోనాడు," అనేది.

ఇప్పుడు నా మనవరాలికి బిడ్డ పుట్టింది. దాని భర్త అనకాపల్లిలో అద్దె ఆటో నడుపుతాడు. ఇద్దరూ విడివిడిగా ఫోను చేసి ఒకరి మీద ఒకరు నాకు చెప్పుకుంటారు. నేను ఎవరి పక్షమూ మాట్లాడను. బస్సెక్కి వెళ్లి బిడ్డను ఒళ్లో వేసుకుని, వాళ్లిద్దరినీ కాసేపు పడుకోమంటాను. అది చాలదని నాకు తెలుసు. అయినా వెళుతూనే ఉన్నాను.