పాలుకు తెచ్చిన కోడి కన్ను

మా సురంగల్‌లో కోడిని పాలుకివ్వడం ఇప్పటికీ ఉంది. కోడి ఒకరిది, మేపడం ఇంకొకరిది, పిల్లలు చెరిసగం. పక్కింటి అవ్వ తన ఎర్ర పెట్టను నాకు అలాగే ఇచ్చింది. మోకాళ్ల నొప్పులతో కోళ్ల వెంట తిరగలేక ఇచ్చింది గానీ, ఆ రోజు ఆమె ముఖం చూస్తే కూతురిని అత్తారింటికి పంపుతున్నట్టే ఉంది. "ఫికర్ చెయ్యకు అవ్వా, నా పాణం లెక్క చూసుకుంట" అని మాటిచ్చాను.

చలి మొదలైన కొత్తలో ఒక పొద్దున ఆ పెట్ట గింజను కాకుండా గింజ పక్కన నేలను పొడవడం చూశాను. పట్టుకుని చూస్తే కుడి కన్ను మూసుకుపోయి ఉంది. రెప్ప ఉబ్బి చింతగింజంత అయింది. మూలన సబ్బు నురగలాంటిది పేరుకుంది. ఆ కన్నును భుజానికేసి రుద్దుకుంటోంది కాబోలు, అక్కడి ఈకలు జిగటగా అంటుకుపోయాయి. ఎడమ కన్ను తెరిచే ఉంది గానీ అదీ తడితడిగానే ఉంది.

మా ఆయన గడపలో నిలబడే తీర్పు చెప్పేశాడు. "రోగమొచ్చిన కోడి నిలువదు. పాణం ఉన్నప్పుడే కోస్తె కూరకన్నా అయితది."

"మన కోడైతే నీ ఇష్టం. ఇది పాలు కోడి. పోయి అవ్వను అడుగు, కోస్తమని."

ఆయన పోలేదు. అవ్వ ముందు ఆ మాట అనే ధైర్యం మా వాడలో ఎవరికీ లేదు.

కబురు తెలిసి అవ్వే వచ్చింది, చేతిలో ఉల్లిగడ్డతో. దాన్ని దంచి రసం కంట్లో పిండాలట.

"మా అవ్వ కాలం సంది ఇదే మందు. మంట పుడితె చెడంత ఎల్లిపోతది బిడ్డా."

"ఉల్లిగడ్డ కోస్తెనే మనకు కండ్లల్ల నీళ్లు ఆగయి అవ్వా. పుండైన కంట్ల పోస్తె అదెట్ల తట్టుకుంటది?"

"నా కోడికి నేను చేస్తుంటె నడుమ నువ్వెవ్వతివి?"

"మేపేదాన్ని."

అవ్వ ఉల్లిగడ్డను అక్కడే పడేసి వెళ్లిపోయింది. నాకు భయమేసింది. ఇప్పుడు ఈ కోడి పోతే, మందు వేయనియ్యక చంపిందని అందరూ అంటారు. అంతకన్నా, అవ్వ మళ్లీ నా ముఖం చూడదు. అయినా సరే, ఆ రసం మాత్రం పోయనివ్వనని పంతం పట్టాను.

కోడిని గంపలో పెట్టుకుని ఆటోలో మొయినాబాద్ పశువుల దవాఖానకు పోయాను. పక్కన కూర్చున్న అమ్మాయి దారంతా ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. దవాఖానలో డాక్టరు సారేమో ఏకంగా కోడి ముఖాన్ని వాసన చూశాడు. "కుళ్లు వాసన లేదు, ముక్కు కారుతలేదు. జుట్టు మీద పొక్కులు లేవు, అమ్మవారు గాదు" అన్నాడు. గోరువెచ్చని ఉప్పునీళ్లలో ముంచిన దూదితో రెప్పను నానబెట్టి, మెల్లగా నొక్కితే జున్నుముక్కలాంటి గట్టి చీము బయటికొచ్చింది. కోడి కిక్కురుమనలేదు, నేనే ముఖం పక్కకు తిప్పుకున్నాను. కంట్లో పెట్టే ట్యూబు మందు ఇచ్చి, మిగతా కోళ్లకు దూరంగా ఉంచమన్నాడు. నీళ్ల గిన్నె రోజూ కడగమన్నాడు.

"గూట్ల గాలి ఆడుతదా?" అనడిగాడు.

"మంచిగ ఆడుతది సార్" అన్నాను. పగలంతా తలుపు తీసే ఉంటుంది కదా అనుకున్నాను.

పగలు దాన్ని జామచెట్టు కింద విడిగా కట్టేదాన్ని. రాత్రి పిల్లుల భయానికి గూట్లోనే ఒక మూల తడిక అడ్డం పెట్టి ఉంచేదాన్ని. పాత తువ్వాలలో రెక్కలు కదలకుండా చుట్టి, కన్ను కడిగి మందు పెట్టేదాన్ని. సాయంత్రానికి కన్ను తేటబడేది. తెల్లారేసరికి మళ్లీ అంటుకుపోయేది. అలా ఉండగానే ఎడమ కన్ను కూడా మూసుకుంది. ఇక అది గింజ వెతుక్కోలేదు, నూకల జావ నేనే ముక్కుకు అందించాలి. అవ్వ గోడ మీంచి చూసేది, పలకరించేది కాదు.

రోగం పగలు తగ్గి రాత్రి పెరుగుతోందంటే మందులో లోపం లేదు, రాత్రిలోనే ఏదో ఉంది. మర్నాడు గూడు తెరుస్తూనే మోకాళ్ల మీద కూర్చుని తల లోపలికి పెట్టాను. రెట్ట ఘాటు గుప్పుమని కొట్టింది. కళ్లు మండి, నీళ్లు ధారగా కారాయి.

చలి మొదలవగానే మా ఆయన గూటికి పాలీహౌస్ ప్లాస్టిక్ కవరు చుట్టాడు. గులాబీ తోటల్లో చినిగిందని తీసేసిన కవరు మా వైపు దేనికైనా పనికొస్తుంది, గడ్డివాముకూ స్నానాల గదికీ కూడా. చీమ దూరే సందు లేకుండా తీగలతో బిగించాడాయన. నేను కూడా భేష్ అన్నాను. ఇప్పుడు కొడవలి తెచ్చి దాన్ని ఒక పక్క నుంచి కోయడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తున్నవే! చలికి చస్తయి!"

"నువ్వు జర తలకాయ లోపట పెట్టి చూడు. బతికొస్తె అప్పుడు మాట్లాడుదువు."

ఆయన తల పెట్టాడు, దగ్గుకుంటూ బయటికొచ్చాడు. కళ్లు తుడుచుకుని, కవరు రెండో కొస పట్టుకుని లాగేశాడు. ఇద్దరం కలిసి రెట్టంతా ఎత్తిపోసి పొడి ఊక పరిచాం. పైన జాలీ బిగించి, గాలి కొట్టే వైపు మాత్రం గోనెపట్టా కట్టాం. మందు మాననేలేదు. రోజులు గడిచేకొద్దీ రెప్పల వాపు దిగింది గానీ, అది చూస్తోందో లేదో నాకు తెలియడం లేదు. చెయ్యి చాపితే కదలకుండా అలాగే దొరికిపోయేది. ఆ దొరకడం చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఒక పొద్దున ట్యూబు పట్టుకుని జామచెట్టు దగ్గరికి పోయాను. కాలికి కట్టిన తాడు విప్పి, మందు పెడదామని చెయ్యి చాపాను. పెట్ట తల వంచి, ఎడమ కన్ను నా వైపు తిప్పింది. నన్ను చూసింది, నా చేతిలో ట్యూబును చూసింది. అంతే, కెవ్వుమని అరిచి, ఈకలు రాల్చుకుంటూ గోడెక్కి అవ్వ వాకిట్లోకి దూకింది.

"అవ్వా, జర పట్టు! మందు పెట్టాలె!" అని అరిచాను.

అవ్వ గడప మీద కూర్చుని ఉంది. కోడి ఆమె కాళ్ల పక్క నుంచే ఉరికినా చెయ్యి కదపలేదు. పైట కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఉరకనియ్యి బిడ్డా" అంది. "దానికి నువ్వు కనవడ్డవు."