మధ్యాహ్నం వచ్చిన గుడ్లు

మా అత్తది చల్లని చెయ్యి అని చేవెళ్ళలో అందరూ అనేవాళ్ళు. ఆమె చెయ్యి తగిలిన గుడ్లు పిల్లలవుతాయని, తగలనివి మురిగిపోతాయని చుట్టుపక్కల నమ్మకం. ఎవరింట్లోనైనా కోడి పొదుగుకు వచ్చిందంటే చాలు, గుడ్లు కొంగులో కట్టుకుని మా గడప ఎక్కేవాళ్ళు. అత్త ఒక్కో గుడ్డునూ కుడిచేత్తో ముట్టుకుంటూ "లాభం, రెండు, మూడు" అని పదకొండు దాకా లెక్కపెట్టేది. ఒకటి అనకూడదు. పన్నెండు పెట్టకూడదు. ఎందుకని నేనొకసారి అడిగితే, అడిగితే మురుగుతాయన్నది. ఆ తర్వాత వాళ్ళు గుడ్లు ఇంటికి తీసుకుపోయి గంపలో గడ్డి పరిచి కోడి కింద పెట్టుకునేవాళ్ళు.

మేం క్రైస్తవులం. శకునాలు, ముహూర్తాలు సైతాను పనులని మా చర్చి అయ్యగారు ఆదివారం గొంతు పోయేదాకా చెప్పేవారు. సోమవారం పొద్దున అయ్యగారి భార్య తువాలలో పదకొండు గుడ్లు మూటకట్టి పంపేది.

పెద్ద యుద్ధం మొదలైన ఏడాది నేను కనకమామిడి నుంచి ఆ ఇంటికి పెద్దకోడలిగా వచ్చాను. మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివానని నాకు కొంచెం పొగరు. వచ్చిన నెలకే అత్త నన్ను గౌరవించి, ఇంట్లో పొదుగుకొచ్చిన నల్ల పెట్టకు నువ్వే గుడ్లు పెట్టమన్నది. చేతులు కడుక్కుని, ప్రార్థన చేసుకుని, "లాభం" దగ్గర మొదలుపెట్టి పదకొండూ పెట్టాను. ఇరవై ఒకటో రోజుకు మూడు పిల్లలు లేచాయి. మిగతా ఎనిమిదింటి వాసనకు మా ఆయన రెండు రోజులు పొలంలోనే తిన్నాడు.

"నీ చెయ్యి సల్లగ లేదు బిడ్డా," అన్నది అత్త. తిట్టలేదు. తిట్టినా బాగుండేది, తిరిగి ఒక మాట అనేదాన్ని. జాలిపడ్డది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఏదీ నా చేత్తో మొదలుకాలేదు. పాలు తోడువేయడం నాది కాదు. మామిడికాయ పచ్చట్లో ఉప్పు వేయడం నాది కాదు. ఇవి తప్పడంతో నాకు పనే తగ్గింది, లోలోపల సంతోషమే. కానీ మిరుగం కార్తెలో తొలి విత్తనానికి ఇంటి ఆడవాళ్ళందరూ నాగలి వెనక నడుస్తూ సాలులో జొన్నలు వేస్తారు. ఆ పొద్దు నన్ను ఇంటి దగ్గర ఉండమన్నారు. పొలం నుంచి వాళ్ళ మాటలు, నవ్వులు వినిపిస్తుంటే పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. ఆ ఇంట్లో నేను కోడలిని కాదు, కిరాయికి ఉన్న మనిషిని అనిపించింది.

అత్తకు మధ్యాహ్నం నిద్ర ఉండేది. ఆ నిద్రలో లేపితే దొరసాని అయినా సరే తిట్లు తినాల్సిందే. ఊళ్ళో ఆడవాళ్ళకు తీరిక దొరికేదేమో మధ్యాహ్నమే. మొదటిసారి ఒకామె పదకొండు గుడ్లతో వచ్చి అరుగు మీద కూర్చుంటే, నాకు లేపే ధైర్యం లేదు, ఆమెకు ఉండే తీరిక లేదు. గుడ్లు లోపలికి పట్టుకుపోయాను. అత్త గుర్రు పెడుతున్నది. వంటింట్లోకి పోయి నా చేత్తోనే "లాభం, రెండు" అని గొణుక్కుంటూ ముట్టి, బయటికి తెచ్చి, పెట్టడం అయిందని చెప్పాను. ఎవరు పెట్టారో చెప్పలేదు కాబట్టి అబద్ధం కాదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మూడు వారాలు నాకు తిండి సహించలేదు. తర్వాత ఆమె వచ్చి తొమ్మిది లేచాయని చెప్పిపోయింది.

ఇక ఆగలేదు. పొద్దున వచ్చిన గుడ్లు అత్త చేతికి, మధ్యాహ్నం వచ్చినవి నా చేతికి. అప్పుడే నాకు లెక్క రాసుకోవాలని బుద్ధి పుట్టింది. పెరట్లో కట్టెల కొట్టం లోపలి గోడ మీద బొగ్గుతో రెండు అడ్డగీతలు గీసి, ఒక్కోదాని కింద సున్న నుంచి పదకొండు దాకా అంకెలు వేశాను. పన్నెండు గళ్ళు. అంతకన్నా అక్కరలేదు, ఏడున్నర పిల్లలు ఎవరింట్లోనూ లేవవు కదా. ఎవరైనా వచ్చి మా గంపలో ఇన్ని లేచాయని చెబితే, ఆ అంకె మీద ఒక చుక్క. పొద్దుటి గుడ్లవి కింది గీత మీద, మధ్యాహ్నపువి పై గీత మీద. మా ఆయన ఒకనాడు చూసి ఇదేమిటన్నాడు. అంకెలు మరిచిపోకుండా దిద్దుకుంటున్నానన్నాను. చదువుకున్న పెళ్ళాంతో వచ్చే కష్టం ఇదేనన్నట్టు తల ఊపి గొడ్డలి తీసుకుని పోయాడు.

ఒక ఏడాది గడిచేసరికి గోడ నాకు కొత్త సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కో గంప సంగతి చూస్తే తలా తోకా లేదు. ఇవాళ పది, రేపు ఐదు. కానీ చుక్కలు పెరిగేకొద్దీ రెండు గీతల మీదా కళ్ళంలో పోసిన జొన్న కుప్ప ఆకారం వచ్చింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది మీద ఎత్తుగా, అటూ ఇటూ జారుతూ, అంచుల్లో ఒకటీ అరా. నాకు అంత అవమానం తెచ్చిన మూడు, అత్త గీత మీద కూడా రెండుసార్లు ఉన్నది. ఒకసారి సున్న కూడా ఉన్నది. అయితే ఆ సున్నకు ఉరుము కారణం. ఒక మూడుకు పిల్లి చూపు, ఇంకో మూడుకు ముదురు పెట్ట. అత్తకు తక్కువ వస్తే లోకంలో ఉన్న తప్పులన్నీ ముందుకు వచ్చి నిలబడేవి. నల్ల పెట్ట కింద నాకు మూడే లేచిన రోజున మాత్రం ఉరుము, పిల్లి, పెట్ట అందరూ నిర్దోషులు.

ఒకసారి ఒకామె గంపలో పదకొండుకు పదకొండూ లేచాయి. ఆమె బెల్లం ముద్ద తెచ్చి అత్త కాళ్ళ దగ్గర పెట్టింది. అవి మధ్యాహ్నపు గుడ్లు. చెయ్యంటే ఇట్లుండాలని అత్త నాకు బుద్ధి చెబుతుంటే, బెల్లం చప్పరిస్తూ ఔనన్నాను. నిజం చెప్పాలి, ఆ సాయంత్రం నా కుడిచేతిని నేనే రెండు మూడుసార్లు ముద్దుగా చూసుకున్నాను. గోడ మీద అన్ని చుక్కలు పెట్టిన మనిషిని, నా చెయ్యి అత్త చేతికన్నా ఒక పిసరు ఎక్కువేనేమో అనుకున్నాను. ఆ తర్వాతి మధ్యాహ్నపు గంపలో రెండు లేచాయి. పొగరు దిగింది.

రెండేళ్ళకు మా మరిదికి చిల్కూరు నుంచి పిల్లను తెచ్చారు. పదహారేళ్ళది, నీడకు కూడా భయపడే పిల్ల. ఆమెకూ గౌరవంగా గంప ఇచ్చారు. నాలుగు లేచాయి. అత్త మొహంలో ఆ పాత జాలి మళ్ళీ కనిపించింది. మిరుగానికి ఇంకా పది రోజులే ఉన్నది. ఈసారి ఇంటి దగ్గర నాకు తోడు దొరుకుతుందన్నమాట. ఆ పిల్ల రెండు పూటలు అన్నం ముట్టలేదు.

చెబితే రెండేళ్ళ నా మోసం ఊరంతా తెలుస్తుంది. చెప్పకపోతే ఆ పిల్ల నాలాగ బతకాలి. ఆ రాత్రంతా అటూ ఇటూ దొర్లి, తెల్లవారి అత్తను చెయ్యి పట్టుకుని కట్టెల కొట్టంలోకి తీసుకుపోయాను. ఒక్కో చుక్క ఒక్కో గంప, మొదటి గడి సున్న, చివరి గడి పదకొండు అని చెప్పాను. ఒక గీత నీ చేతిది, ఇంకోటి వేరే వాళ్ళ చేతిది, ఏది నీదో నువ్వే చెప్పు అన్నాను.

అత్త రెండింటినీ వేలితో తడిమి చూసింది. పదకొండు మీద చుక్క ఉన్న గీత దగ్గర వేలు ఆపింది.

"గిది నాది."

"అది నాది అత్తా," అన్నాను.

మధ్యాహ్నాల సంగతంతా చెప్పేశాను. బెల్లం ముద్ద సంగతి కూడా. కొడుతుందేమోనని కొంచెం వెనక్కి జరిగాను. అత్త కొట్టలేదు. మరి మొదట నీకు మూడే ఎందుకు లేచాయని అడిగింది.

ఆమె గీత మీది మూడును చూపించాను. "నీకెందుకొచ్చినయో నాకూ గందుకే. ఒక్క గంపల ఎన్ని లేస్తయో దేవునికెరుక. ముప్పై గంపలల్ల ఎట్ల లేస్తయో గీ గోడకు ఎరుక. చెయ్యి ఎవ్వలదైనా కుప్ప గిదే."

అత్త కట్టెల మీద కూలబడ్డది. తన కుడిచేతిని ఒడిలో పెట్టుకుని అడిగింది, "అయితే ఇగ నా దగ్గరికి ఎవలొస్తరే?"

ఇది నేను ఆలోచించలేదు. ఇంట్లో పెత్తనం మామది, పొలం కొడుకులది. ఊరు ఆమె పేరు పెట్టి పిలిచేది ఆ గుడ్ల కోసమే. నా మీద నాకే సిగ్గేసింది.

రెండు రోజులు అత్త వీలు దొరికినప్పుడల్లా కొట్టంలోకి పోయి ఆ గోడ చూసి వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం ఎంకపల్లి నుంచి ఒకామె ఎడ్లబండిలో, ఆ గతుకులన్నీ ఓర్చి, గుడ్లు ఒడిలో పెట్టుకుని వచ్చింది. అత్త నిద్రపోలేదు. అరుగు మీదికి వచ్చి, చిన్నకోడలిని పిలిచి, గుడ్లు ముట్టమన్నది. ఎంకపల్లి ఆమె మొహం మాడ్చుకుని, ఇంత దూరం నీ చెయ్యి కోసమే వచ్చానన్నది.

"మా ఇంట్ల ముగ్గురిది ఒక్కటే చెయ్యి," అన్నది అత్త. "ఎవలు పెట్టినా నేను పెట్టినట్టే."

ముగ్గురిది అన్నది. నేను గడప లోపల నిలబడి ఉన్నాను. రెండేళ్ళుగా ఆ మాట కోసం ఎదురుచూశానని అప్పుడు తెలిసింది, ఏడుపు ఆగలేదు. చిన్నది "లాభం" అని మొదలుపెట్టి తొమ్మిది దగ్గర లెక్క తప్పింది. అత్త, నేను ఇద్దరం ఒక్కసారే పది అని అందించాం.